విడిభాగాలు అమ్మండి, బాగు మేం చేసుకుంటాం

అయ్యా,

పాలకొల్లులో మా ఇంటి వసారాలో పాత అంబాసిడర్ కారు ఉంది. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా కార్బురేటర్ విప్పి, జెట్లు పెట్రోలుతో కడిగి, స్పార్కు ఇచ్చే పాయింట్ల సందు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులతో) సరిచూసి బిగిస్తే ఇప్పటికీ స్టార్ట్ అవుతుంది. మిక్సీ ఆగితే కార్బన్ బ్రష్‌లు, ఫ్యాన్ నెమ్మదిస్తే కండెన్సర్ మారుస్తాను. (ప్లగ్ తీశాక కూడా కండెన్సర్‌లో కరెంటు నిలిచి ఉండొచ్చు. పిల్లలకు ముందు నేర్పాల్సింది అదే.)

మా డెల్టా గాలిలో తేమ ఎక్కువ, సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పు కూడా. ఇనుము తుప్పు పడుతుంది, కనెక్టర్లకు చిలుం పడుతుంది. గుడ్డతో తుడిచి, సన్నటి గరుకు కాగితంతో రుద్దితే చాలాసార్లు పని జరుగుతుంది.

కానీ మా కొత్త వాషింగ్ మెషిన్ బోర్డు మీద జిగురు పోసి మూసేశారు. లోపల ఒక్క రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్) పోయినా విప్పే దారి లేదు. కంపెనీవాళ్లు బోర్డు మొత్తం మార్చాలన్నారు. సర్క్యూట్ బొమ్మ అడిగితే ఇవ్వలేదు. నాకు చాలా బాధేసింది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ‘రైట్ టు రిపేర్’ (కొన్న వస్తువును బాగు చేసుకునే హక్కు) కోసం కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. మంచి పనే. అది అక్కడితో ఆగకూడదు. విడిభాగాలు, సర్వీస్ మాన్యువల్ ఎవరికైనా అమ్మాలని చట్టం చేయాలి. మన ఐటీఐలలో ఆదివారాలు రిపేరు నేర్పే తరగతులు పెడితే, వచ్చి చెప్పడానికి నేను సిద్ధం.

– ఒక పాఠకుడు, పాలకొల్లు