వార్షిక నివేదిక 2024–25: మోటార్లు, బకాయిలు, ఒక నవలల నెల

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో లిఫ్టు, మోటారు, మెయింటెనెన్స్ బకాయిల గురించే రాస్తూ వచ్చాను. ఈసారీ అవి ఉన్నాయి. లిఫ్టు రెండుసార్లు ఆగింది, బాగుచేయించాం. బకాయిలు ఎక్కడివక్కడే ఉన్నాయి. జమాఖర్చుల కాగితం వెనక జత చేశాను, సర్వసభ్య సమావేశంలో ట్రెజరర్ గారు చదువుతారు. అందరూ అడుగుతున్నది వేరే సంగతి, డాబా మీద నవలలు చదివిన నెల గురించి, కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

సెప్టెంబర్ 1న బుడమేరు వాగు వరద మన విజయవాడ సింగ్‌నగర్ మీదికి వచ్చినప్పుడు మన పార్కింగ్‌లో ఏమేం పోయాయో మళ్ళీ చెప్పక్కర్లేదు. మోటార్లకు, బైకులకు లెక్కలు రాసుకున్నాం గానీ, వాచ్‌మన్ గది పక్కనున్న పుస్తకాల బీరువా ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్ళు తీశాక తలుపు లాగితే రాలేదు. పుస్తకాలు లోపల ఉబ్బి బిగుసుకుపోయాయి. గునపం పెట్టి తీయాల్సి వచ్చింది. కింది అరలన్నీ ముద్ద. పై అర ఒక్కటే బతికింది. ఎవరూ చదవడం లేదని మనమే అక్కడికి ఎక్కించిన పాత నవలలు అవి. చేతికందేలా పెట్టిన పోటీ పరీక్షల గైడ్లు, వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు బుడమేరు పాలయ్యాయి.

మిగిలినవాటిని డాబా మీద ఆరబెట్టి, పేజీల మధ్య న్యూస్‌పేపర్ ముక్కలు, బీరువాలో కలరా ఉండలు పెట్టాం. ఇంత చాకిరీ చేశాక చదవకపోతే ఎలా అని నాలుగో ఫ్లోర్ రిటైర్డ్ తెలుగు మాస్టారు పట్టుబట్టారు. ధనుర్మాసం నెలరోజులూ రాత్రి ఏడున్నరకి డాబా మీద కూర్చోవాలని తీర్మానించాం. మొదట చారిత్రకం, తర్వాత ప్రేమకథలు, చివర డిటెక్టివ్. తెల్లవారుజామున తిరుప్పావై, రాత్రి నవల.

అడివి బాపిరాజు గారి 'హిమబిందు'తో మొదలుపెట్టడం నా పొరపాటే. మొదటి రోజు నేనే చదివాను. పది నిమిషాల్లో ఇద్దరు కునుకు తీశారు. రెండో రోజు మాస్టారు పుస్తకం తీసుకున్నారు. బాపిరాజు బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్న మనిషి, అందుకే నగలూ చీరలూ బొమ్మ గీసినట్టు రాస్తాడు, తొందరపడి చదివితే ఏమీ కనబడదు అని చెప్పి, నెమ్మదిగా చదివారు. కథలో విషకన్య ఉందని తెలిశాక పిల్లలు కూడా పైకి రావడం మొదలుపెట్టారు.

ఆ కథ జరిగే శాతవాహనుల ధాన్యకటకం మన పక్కనే కదా అని ఒక ఆదివారం టెంపో మాట్లాడుకుని అమరావతి వెళ్ళాం. నవలలో అంత వైభవం విని వెళ్తే అక్కడ మహాస్తూపం అడుగుభాగమే మిగిలింది. దాని శిల్పాల రాతిపలకలు చాలావరకు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయని చెబితే, 203 వాళ్ళ బాబు "అయితే మనది మనం చూడాలన్నా వీసా కావాలా?" అన్నాడు. పులిహోర పొట్లాలు విప్పుతూ అందరం కాసేపు మాట్లాడలేదు.

రేపల్లె నుంచి వచ్చిన మన ఐదో ఫ్లోర్ ఆయన మాత్రం "మా ఊరి ప్లీడరు గారిని వదిలేశారేం?" అని నోరి నరసింహశాస్త్రి గారి 'రుద్రమదేవి' పట్టుకొచ్చారు. సగమే అయింది. వచ్చే ఏడు పూర్తి చేస్తామని ఆయనకు మాటిచ్చాను.

ప్రేమకథల వారం జనం పెరిగారు. మగవాళ్ళు వెనక ట్యాంక్ పక్కన నిలబడి, వినడం లేదన్నట్టు విన్నారు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' మీద పెద్ద గొడవే జరిగింది. బీటెక్ చదివే అమ్మాయి "ఆ హీరో రాజశేఖరం మీద హెచ్‌ఆర్‌కి కంప్లైంట్ ఇవ్వాలి ఆంటీ, అంత పొగరేంటి?" అంది. 104 పిన్నిగారు ఊరుకోలేదు. "మీకేం తెలుసమ్మా? డెబ్బైల్లో ఈ పుస్తకం పోపులడబ్బా వెనక దాచుకుని చదివాను. హీరోయిన్ జయంతిని చూసి టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి లోయర్ పరీక్ష పాసయ్యాను. రాజశేఖరం కోసం కాదు" అన్నారు. బాబాయిగారు ఆ టైపు సంగతి ఇన్నేళ్ళలో మొదటిసారి విన్నారట. గొడవ అక్కడితో ఆగింది.

డిటెక్టివ్ వారంలో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు చకచకా పరిగెత్తించారు. చిక్కంతా ఇంకో పుస్తకంతో వచ్చింది. దానికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసిందెవరో తెలియదు. 'రోజుకి 10 పైసలు' అని ఏదో అద్దె లైబ్రరీ ముద్ర మాత్రం ఉంది. తొమ్మిదో పేజీలో వంటవాడి పేరు కింద నీలం ఇంకుతో గీత గీసి, పక్కన "వీడే హంతకుడు, టైం వేస్ట్ చేసుకోకండి" అని రాశాడో మహానుభావుడు. ఆపేద్దామని కొందరన్నారు. వంటవాడు ఎలా దొరుకుతాడో చూద్దామని చివరిదాకా చదివించాను. నాలుగు రాత్రులు అందరం ఆ వంటవాణ్ణి అనుమానంగానే చూశాం. చివరికి హంతకుడు వాడు కాదు! నలభై యాభై ఏళ్ళ కిందట ఎవరో సరదాగా వేసిన గీతకి ఒక అపార్ట్‌మెంట్ మొత్తం బోల్తా పడింది. మాస్టారు ఆ గీతని చెరపొద్దన్నారు. చెరపలేదు.

జనవరిలో పుస్తక మహోత్సవానికి ఇందిరాగాంధీ స్టేడియానికి గుంపుగా వెళ్ళాం. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో కూడా కొన్ని కొన్నాం. ఆ బిల్లులు జమాఖర్చుల్లో ఉన్నాయి. బీరువా ఇప్పుడు మొదటి ఫ్లోర్ మెట్ల దగ్గరికి మార్చాం. దారికి అడ్డమని ఇద్దరు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. సమావేశంలో మాట్లాడుకుందాం.

చివరగా ఒక మనవి. సంక్రాంతి నుంచి ఒక పుస్తకం లెక్కకు రావడం లేదు. "సెక్రటరీ కనబడటం లేదు, ఎవరింట్లో ఉన్నా దయచేసి పంపండి" అని వాట్సాప్ గ్రూపులో పెడితే, "నిన్ననే మోటారు దగ్గర చూశాను" అని ఒకరు, "బకాయిలకి భయపడి తిరుగుతున్నాడేమో" అని ఇంకొకరు రాశారు. నేను క్షేమంగానే ఉన్నాను. పుస్తకం సంగతి చూడండి.

ఇట్లు,
కార్యదర్శి