మీటింగ్ ఎన్ని గంటలకో రాయి, బిడ్డా

నల్లగొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

మొన్న ఫోన్లో నువ్వడిగిన మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఎనిమిది నెలల పాపను పెట్టుకుని సంఘానికి కార్యదర్శిగా నిలబడమంటున్నారమ్మా, నన్ను పెట్టుకుని నీకెట్లా సాధ్యమైంది?" అన్నావు. ఇంతలో పాప లేచి ఏడిస్తే పెట్టేశావు. ఒకందుకు మంచిదే అయింది. ఫోన్లో అయితే "అదేముంది, అయిపోతుందిలే" అనేసేదాన్ని. అది నిజం కాదు. మొదటి రెండేళ్లు నాకు సాధ్యం కాలేదు.

నువ్వు 1996లో పుట్టావు. నలభై రోజులు దాటగానే నల్లకోటు వేసుకుని కోర్టుకు పోయాను. ప్రసూతి సెలవుల చట్టం 1961 నుంచీ ఉంది. అప్పట్లో 12 వారాలుండేది, 2017లో 26 వారాలు చేశారు. దాని గురించి అడగవచ్చిన వాళ్లకు విడమరిచి చెప్పేదాన్ని, నాకు మాత్రం అది వర్తించదు. వకీలు ఎవరి కిందా ఉద్యోగి కాదు కదా. నాలుగు వాయిదాలకు కనబడకపోతే కక్షిదారు ఫైలు తీసుకుని ఇంకొకరి దగ్గరికి పోతాడు.

నీకు ఆరేళ్లప్పుడు మహిళా న్యాయవాదుల సంఘం బాధ్యత నా మీద పడింది. అప్పుడు మేం పట్టుమని ఇరవై మందిమి లేం. నేను చేసిన మొదటి తప్పు ఏమిటంటే, నాకో బిడ్డ ఉందన్న సంగతే సంఘానికి తెలియకుండా దాచడం. నీకు జ్వరమొస్తే "క్లయింట్ వచ్చాడు, ఆలస్యమవుతుంది" అని చెప్పేదాన్ని. పిల్లల పేరు ఎత్తితే "ఆడవాళ్లతో ఇదే తంటా" అంటారని భయం. ఆ మాట వకీళ్లందరి బార్ అసోసియేషన్‌లో నా ముందే ఒకాయన అనగా విన్నాను కూడా.

నీకు అమ్మవారు పోసిన రోజు గుర్తుందా? అమ్మమ్మ మంచం చుట్టూ వేపమండలు పెట్టింది. ఆ సాయంత్రం ఆరింటికి మీటింగ్. కోర్టులో ఆడవాళ్లకు ఒక గది కావాలని ఇవ్వాల్సిన అర్జీ మీద సంతకాలు. పోయాను. తిరిగి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది. నువ్వు నిద్రపోయి ఉన్నావు. పొద్దున గంజి పెట్టి ఆరేసిన, కోర్టుకు మెడకు కట్టుకునే నా తెల్ల బ్యాండు నీ పిడికిట్లో నలిగి ముద్దయింది. వేళ్లు విడదీసి తీయబోతే నిద్రలోనే ఇంకా గట్టిగా పట్టుకున్నావు. తీయలేదు. మర్నాడు పాత బ్యాండుతోనే కోర్టుకు పోయాను.

ఆ వారమే సంఘంలో ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పాక నాకే ఒక ప్రశ్న తట్టింది. మన మీటింగులు సాయంత్రం ఆరింటికి ఎందుకు? మగవాళ్ల మీటింగులు ఆ వేళకు జరుగుతాయి కాబట్టి మేమూ అదే పెట్టుకున్నాం, అంతే. ఇద్దరు జూనియర్లు ఎప్పుడూ వచ్చేవాళ్లు కాదు. "వాళ్లకు శ్రద్ధ లేదు" అని నేనే నలుగురిలో అన్నాను. ఇద్దరికీ చంటిపిల్లలు. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మీటింగును మధ్యాహ్నం లంచ్ బ్రేక్‌కు మార్చాం. లైబ్రరీ మూలన టిఫిన్ డబ్బాలు తెరుచుకుని మాట్లాడుకునేవాళ్లం. నెల తిరగకముందే ఆ ఇద్దరూ వచ్చారు.

తర్వాత గది వచ్చింది. అది వకీళ్లకేనని కొందరు గట్టిగా పట్టుబట్టారు. అప్పట్లో 125 సెక్షన్ కింద భరణం కేసుకు దేవరకొండ వైపు తండా నుంచి ఒక పిల్ల వచ్చేది. వరండాలో గోడ వైపు తిరిగి కొంగు కప్పుకుని బిడ్డకు పాలిచ్చేది, చెవి మాత్రం కోర్టు పిలుపు మీదే. ఆ పిల్లను లోపలికి రానివ్వని గది నాకెందుకు? రెండు రోజులు వాదులాడుకున్నాం, ఒకామె నాతో మాట్లాడటం మానేసింది. చివరికి ఒక తెర, ఒక చాప, ఫిల్టర్ నీళ్ల క్యాను పెట్టించాం. మన నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు.

ఇంకోటి కూడా చేశాం, అది నీకు పనికొస్తుంది. మాలో ఎవరికైనా నెలలు నిండుతున్నాయంటే, ముందే ఆమె కేసుల్లో కక్షిదారును అడిగి, కేసు నడిపే అధికారమిచ్చే వకాలత్ కాగితంలో ఇంకొకరి పేరు చేర్పించేవాళ్లం. మూడు నెలలు వాయిదాలకు వీళ్లు నిలబడతారు, ఫీజు ఆమెకే చేరుతుంది. కాన్పు అయి వచ్చేసరికి ఫైళ్లు ఆమె బల్ల మీదే ఉండేవి. నేను చేసిన పనుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే.

నీ విషయంలో మాత్రం వాయిదా మీద వాయిదా వేసుకుంటూ పోయాను, బిడ్డా. అయిదో తరగతిలో బడిలో బతుకమ్మకు అందరి తల్లులూ వచ్చారు. నీ తంగేడు పూల బతుకమ్మను అమ్మమ్మ ఎత్తుకుంది. ఆ రోజు నేను లేను. దానికి సంఘం కారణమని ఎప్పుడూ అనుకోలేదు. అడిగితే ఆ ఒక్క పూట నా పని ఎవరైనా చూసేవాళ్లే, నేనే అడగలేదు.

2024లో సుప్రీంకోర్టు తన బార్ అసోసియేషన్ కార్యవర్గంలో మూడో వంతు స్థానాలు ఆడవాళ్లకు ఉండాలని ఆదేశించినప్పుడు కళ్లు చెమర్చాయి. కుర్చీలు వస్తున్నాయి. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మీటింగ్ టైమ్ మార్చకపోతే, చంటిబిడ్డ తల్లి మళ్లీ గుమ్మం బయటే ఉంటుంది.

అందుకని నిలబడు. పాప ఉందని ముందే అందరికీ చెప్పి నిలబడు. రాత్రి మీటింగులు కుదరవని నామినేషన్ వేసే రోజే చెప్పెయ్యి. అల్లుడు గారితో ఏ రోజులు ఎవరు ఇంటికి ముందు రావాలో ఇప్పుడే మాట్లాడుకో, టెన్షన్ పడ్డాక కాదు.

శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. సర్వపిండి తెస్తాను. మీ మీటింగ్ ఎన్ని గంటలకో రాయి. పాపను నేను ఎత్తుకుంటాను. ఇంట్లో కాదు, హాల్లోనే, వెనక వరసలో కూర్చుంటాను. ఆకలేసి ఏడిస్తే నీ దగ్గరికే తెస్తాను.

మీ అమ్మ