పాత హైఫై స్పీకర్ గిటార్‌కి పనికొస్తుంది

ఎడిటర్ గారికి,

పాత హైఫై స్పీకర్లను తుక్కులో పడేసేవాళ్లకి ఒక మాట. ఇంట్లో ఎవరైనా ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుంటుంటే ఆ పెట్టె ప్రాక్టీస్ ఆంప్‌గా బాగానే పనికొస్తుంది, కాకపోతే గిటార్ వైరు తెచ్చి నేరుగా కలిపితే ఏమీ వినిపించదు, తీగల కంపనాన్ని పట్టుకునే పికప్ నుంచి వచ్చే సిగ్నల్ అంత బలహీనం మరి, మధ్యలో చిన్న ఆంప్లిఫయర్ బోర్డు ఉండాల్సిందే. దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్, అంటే లోపలికొచ్చే సిగ్నల్‌కి అది చూపే నిరోధం, 1 మెగాఓమ్ దాకా ఉంటే మంచిది, బాగా తక్కువైతే తీగల మెరుపు పోయి శబ్దం మొద్దుబారుతుంది. స్పీకర్ వెనక 4 అనో 8 అనో ఓమ్‌లు రాసుంటాయి, బోర్డుకి అది సరిపోతుందో లేదో చూసుకోండి.

ముందు జాలీ తీసి, కదిలి శబ్దం చేసే గరాటు లాంటి కోన్ అంచుని వేలితో తాకండి. ఫోమ్ అంచైతే ఏళ్లు గడిచాక పొడిపొడిగా రాలిపోతుంది, అలాంటిదాన్ని బాగు చేయించకుండా వాడొద్దు.

అసలు చిక్కు పెట్టెలో సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్, అంటే ట్వీటర్‌తోనే. గిటార్ స్పీకర్లు సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకవు, ట్వీటర్ మాత్రం పైదంతా వినిపిస్తుంది, శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ ఎఫెక్ట్ వేశారంటే చెవిలో కందిరీగ దూరినట్టే! నన్నడిగితే సిగ్నల్‌ని రెండు స్పీకర్లకీ పంచే క్రాసోవర్ జోలికి పోకుండా బోర్డు వైర్లను నేరుగా పెద్ద స్పీకర్ వూఫర్‌కే కలిపేయడం తేలిక. వాల్యూమ్ మాత్రం గది వరకే, డ్రమ్స్‌తో పోటీకి దిగితే వూఫర్ కాయిల్ మాడిపోవచ్చు.

– ఒక పాఠకుడు