మిక్సర్ కొనే ముందు ఒక మాట

సంపాదకులకు నమస్కారం.

మా తెనాలి చుట్టుపక్కల నాటక సమాజాలు, భజన మందిరాలు సొంత మైక్ సెట్టు కోసం చందాలు పోగుచేస్తున్నాయి. మైకుల ధ్వనులను కలిపి, హెచ్చుతగ్గులు సరిచేసి స్పీకర్లకు పంపే మిక్సర్ చౌకది చాలునా, పేరున్న ఖరీదైనది తీసుకోవాలా, మెకానిక్ చేత చేయించుకోవాలా అన్న దగ్గరే కమిటీలు ఆగిపోతున్నాయి. ఇరవై ఏళ్లుగా పద్యనాటకాలకు మైకు చూస్తున్నవాడిగా నా అనుభవం చెప్పదలచాను.

మనం మిక్సర్‌కు అంటగట్టే లోపాల్లో చాలావరకు దానివి కావు. నిరుడు ఒక ప్రదర్శనలో తెర లేచింది మొదలు స్పీకర్లలో ఒకటే హోరు. చౌక మిక్సర్ కాబట్టే ఇలా అని అందరూ తేల్చేశారు. తీరా వేదిక కింద చూస్తే, మైకు కేబుల్‌ను లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ వైర్లతో కలిపి ఒకే కట్టగా లాగారు. అందులోనూ అది సాదా కేబుల్. బ్యాలెన్స్‌డ్ కేబుల్లో రెండు తీగల మీద ధ్వని ఒకదానికొకటి వ్యతిరేకంగా నడుస్తుంది గనుక, రెండింటిలోకీ సమానంగా చొరబడిన హోరు మిక్సర్ దగ్గర కొట్టుకుపోతుంది. ఆ కేబుల్ వేసి కరెంటు వైర్లకు దూరంగా లాగగానే అదే మిక్సర్ చక్కగా పలికింది.

ఖరీదైనదానికి విలువ లేదనను. పద్యం చివర నటుడు పై షడ్జం అందుకుని రాగం తీసినప్పుడు, నాసిరకం మిక్సర్‌లో ఎర్రలైటు వెలిగి గొంతు చిట్లుతుంది. మంచి ప్రీయాంప్, అంటే మైకు నుంచి వచ్చే సన్నని ధ్వనిని పెంచే భాగం, ఆ గొంతును నిండుగా మోస్తుంది. డిజిటల్ మిక్సర్‌లో రంగానికో అమరిక దాచుకోవచ్చు కూడా. అయితే పూటకొకరు మిక్సర్ ముందు కూర్చునే సమాజాల్లో, మెనూల్లో దాగిన అమరికను నాటకం మధ్యలో వెతకడం ప్రాణసంకటం. అనలాగ్ మిక్సర్‌లో ప్రతి నాబూ కళ్లెదుటే ఉంటుంది.

చేయించుకోవడం తప్పు కాదు. లండన్ ఆబే రోడ్ స్టూడియోలో 1960లలో వాడిన మిక్సింగ్ డెస్కులు ఆ స్టూడియో యజమాని అయిన ఈఎంఐ రికార్డింగ్ సంస్థ సొంత ఇంజనీర్లు తయారుచేసినవే. వాటికి జబ్బు చేస్తే వైద్యులు ఇంట్లోనే ఉన్నారు. మేము చేయించుకున్న మిక్సర్‌లో రెండు చానళ్లు (ఒక్కో మైకుకు ఉండే దారులు) మూగబోయినప్పుడు మూత తీసి చూస్తే, ఐసీల (చిప్పుల) మీద నంబర్లు గీకేసి ఉన్నాయి. చేసిన మెకానిక్ ఊరు విడిచి వెళ్లిపోయాడు. మరెవరికీ అంతుచిక్కక, చందాల డబ్బుతో వచ్చిన ఆ పెట్టె ఎనిమిది నెలలు గుడ్డ కింద ఉండిపోయింది.

కాబట్టి ఊరి సమాజానికి కండెన్సర్ మైకులకు కేబుల్ ద్వారానే కరెంటు అందించే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉన్న పన్నెండు చానళ్ల మధ్యరకం అనలాగ్ మిక్సర్ సరిపోతుందనీ, మిగిలిన డబ్బు మైకులకు, కేబుళ్లకు, సరైన ఎర్తింగ్‌కు పెట్టాలనీ నా గట్టి అభిప్రాయం. చేయించుకోవాలనే నిశ్చయించుకుంటే మాత్రం, సర్క్యూట్ పటం, విడిభాగాల నంబర్లు కాగితం మీద చేతికి వచ్చేదాకా కమిటీలు పూర్తి సొమ్ము చెల్లించవద్దని మనవి.

– ఒక పద్యనాటక అభిమాని, తెనాలి