పాత రైలు సొరంగాల్లో పోయినవాళ్ల పేర్లేవి?

సంపాదకుడు గారికి నమస్కారం.

వాడకంలో లేని రైలు సొరంగం గురించి ఎవరు రాసినా, ఎవరు వీడియో తీసినా 'దెయ్యాల సొరంగం' అనే మొదలుపెడుతున్నారు. ఆదివారం సంచికలో మీరు వేసిన ఫొటోల పేజీదీ అదే దారి. ఫొటోలు నిజంగా బాగున్నాయి. కానీ వాటి కింద తెల్లటి ఆకారం, అర్ధరాత్రి ఏడుపు, భుజం మీద పడిన చెయ్యి, ఇవే ఉన్నాయి. ఆ సొరంగం ఎవరు తవ్వారు, ఎందుకు మూసేశారు, లోపల ఎవరైనా పోయారా అన్న ముక్క ఒక్కటీ లేదు. నేనూ ఇలాంటి చోట్లకు కెమెరా పట్టుకుని వెళ్లే మనిషినే కాబట్టి ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు రిచ్‌మండ్ నగరంలో చర్చ్ హిల్ సొరంగం ఉంది. ఏళ్ల తరబడి వదిలేసిన దాన్ని మళ్లీ వాడుకలోకి తేవాలని మరమ్మతులు చేస్తుండగా, 1925 అక్టోబరు 2న పైకప్పు కూలింది. పని రైలు లోపలే చిక్కుకుపోయింది. ఇంజిన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ మరిగే ఆవిరికి ఒళ్లంతా కాలిపోయి, ఎలాగో బయటపడి, ఆస్పత్రిలో ప్రాణాలు వదిలాడు. డ్రైవరు శవాన్ని తర్వాత వెలికితీశారు. ఇద్దరు కూలీలు మాత్రం దొరకనే లేదు. చివరికి ఇసుక నింపి సొరంగాన్ని మూసేశారు, ఇంజిన్ ఇప్పటికీ లోపలే ఉంది.

మరి ఆ ఊళ్లో చెప్పుకునే కథ ఏమిటో తెలుసా? సొరంగంలోంచి కోరపళ్లతో, వేలాడే చర్మంతో, నెత్తురోడుతూ ఒక రక్తపిశాచి బయటికొచ్చి శ్మశానం వైపు పారిపోయిందట! కాలిన ఒంటితో బయటపడ్డ ఆ ఫైర్‌మనే ఈ పిశాచికి మూలమని జానపద కథల్ని పరిశీలించినవాళ్లు అంటారు. ఒక కార్మికుడు పడ్డ నరకయాతన జనం నోళ్లలో పడి ఇలా తయారైంది. దీన్ని వినోదంగా చెప్పుకోవడం నాకు చేతకాదు.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని హూసాక్ సొరంగానిదీ ఇలాంటి పరిస్థితే. 1851లో పని మొదలై, 1875లో గానీ మొదటి రైలు వెళ్లలేదు. సుమారు ఏడున్నర కిలోమీటర్ల ఆ కొండను తొలిచే పనిలో 190 మందికి పైగా చనిపోయారని లెక్క. 1867లో కొండ పైనుంచి కిందికి తవ్వుతున్న బావి దగ్గర మంటలు లేచి, అడుగున ఉన్న 13 మంది పోయారు. శవాలను పైకి తేవడానికి ఏడాది దాకా పట్టింది. అక్కడ మూలుగులు వినిపిస్తాయని చెప్పేవాళ్లు బోలెడుమంది. బావిలో దిగినవాళ్లకు పైకి వచ్చే రెండో దారి ఎందుకు లేదని అడిగేవాళ్లే తక్కువ. మన కాల్కా-సిమ్లా లైన్లో బరోగ్ దగ్గర సగంలో వదిలేసిన సొరంగం గురించి అడిగితే, లెక్క తప్పి ప్రాణం తీసుకున్నాడనే ఇంజినీరు కథ అందరూ చెబుతారు. రాయి కొట్టిన కూలీల సంగతి అందులో రాదు.

దెయ్యం ఫొటోల సంగతీ చెప్పాలి. సొరంగం గాలిలో ఎప్పుడూ సన్నటి నీటి తుంపర, ధూళి తేలుతుంటాయి. కెమెరా మీదే ఉన్న ఫ్లాష్ వెలిగిస్తే లెన్స్‌కు దగ్గరగా ఉన్న చుక్కలు మసక మసక తెల్లటి గుండ్రాలుగా పడతాయి. ఆత్మలని చూపించేవి చాలావరకు అవే. ఫ్లాష్ ఆపేసి, కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, షట్టర్ అర నిమిషం తెరిచి, టార్చిని గోడ వెంబడి పక్కనుంచి నెమ్మదిగా తిప్పి చూడండి. పైకప్పుకు అట్టకట్టిన ఆవిరింజిన్ల మసి కనిపిస్తుంది. రైలొస్తే పనివాళ్లు ఒదిగి నిలబడేందుకు గోడలో కట్టిన గూళ్లు కనిపిస్తాయి. ఇటుకల సందుల్లోంచి కారిన సున్నం తెల్లటి చారలు కట్టి ఉంటుంది. నా మటుకు నాకు ఒక మనిషి భుజం పట్టేంత ఆ గూడు దగ్గర నిలబడితే, ఏ కథా పుట్టించలేని బెంగ కలుగుతుంది. వేసవిలో సొరంగం నోట్లోంచి వచ్చే చల్లగాలి కూడా మాయేమీ కాదు, కొండ లోపలి వేడి ఏడాది పొడుగునా పెద్దగా మారదు.

భయం వేరే చోట ఉంది. గాలి ఆడని లోతుల్లో ఆక్సిజన్ తగ్గిపోవచ్చు, నీటి కింద గుంతలు కనబడవు, పాత ఇటుకలు ఊడి మీద పడతాయి. పైగా 'పాడుబడింది' అని పేరుపడ్డవన్నీ పాడుబడినవి కావు. హూసాక్‌లో ఇప్పటికీ గూడ్స్ రైళ్లు తిరుగుతున్నాయి, 2020లో లోపల కొంత భాగం కూలింది కూడా. దెయ్యం మోజులో అక్కడికి పిల్లల్ని పంపించే రాతలు దయచేసి వద్దు. ఇలాంటి చోట్ల చేరే గబ్బిలాల సంగతి మరీ ముఖ్యం. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో తొలిసారి కనబడిన తెల్లముక్కు బూజు జబ్బుతో ఉత్తర అమెరికాలో లక్షల గబ్బిలాలు చచ్చాయి. ఆ బూజు మన బూట్లకు అంటుకుని ఒక గుహనుంచి ఇంకోదానికి వెళుతుంది. చలికాలం నిద్రలో ఉన్నవాటిని లైట్లతో లేపితే దాచుకున్న కొవ్వు కరిగిపోయి ఆకలితో పోతాయి. ఇలాంటి చోట గేటు ఉంటే గౌరవించాల్సిందే.

అలాగని అన్నింటికీ కాంక్రీటు పోసి మూసేయడం నాకు ఇష్టం లేదు. ఇంగ్లండులో బాత్ దగ్గర కూంబ్ డౌన్ సొరంగం 1.6 కిలోమీటర్ల పైనే ఉంటుంది. పొగ పైకి పోవడానికి గాలి బావులు లేవు. 1929లో లోపల పొగకు డ్రైవరు, ఫైర్‌మన్ స్పృహ తప్పి, అదుపు లేని రైలు బయట యార్డులో పడి ముగ్గురు చనిపోయారు. 1966లో ఆ లైను మూతపడింది. 2013లో దాన్నే బాగుచేసి, దీపాలు పెట్టి, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ తెరిచారు. ఏ దేశపు రైల్వే అయినా ఈ పని చేయగలదు. ముందు ఇంజినీర్లు చూసి నికరంగా ఉన్నవాటిని తేల్చాలి, గబ్బిలాలు ఉండే కాలంలో మూసి ఉంచాలి, మిగతా రోజుల్లో అనుమతి మీద జనాన్ని, ఫొటోగ్రాఫర్లను రానివ్వాలి. ముఖద్వారం పక్కన ఆ సొరంగంలో పోయినవాళ్ల పేర్లతో ఒక ఫలకం పెట్టాలి. పేర్లు దొరక్కపోతే ఎంతమందో, ఏ పనిలో పోయారో అయినా రాయాలి.

మీరూ ఇకమీదట ఇలాంటి ఫొటోలు వేసేటప్పుడు ఆ సొరంగం పనిచేస్తున్న లైన్లో ఉందో లేదో కనుక్కుని వేయండి, తవ్విన ఏడాది, ప్రమాదాల వివరాలు పక్కన ఇవ్వండి. నేను తీసినవి కావాలన్నా డబ్బు తీసుకోకుండా పంపిస్తాను. శీర్షికలో దెయ్యం అన్న మాట ఉండకూడదు, అదొక్కటే నా షరతు.

ఇట్లు,
ఒక పాఠకుడు