నీ కవరు మీద పడ్డ నీలం బొట్టు

రావులపాలెం
శనివారం మధ్యాహ్నం

ఒరే బావా,

ముందు తిట్టేసుకో, తర్వాత చదువు. నీ కవరొచ్చి పద్దెనిమిది రోజులైంది, జవాబు ఇవాళ్టికి కుదిరింది. తప్పే. ఇంటి కబుర్లు గబగబా: అందరం కులాసా, అమ్మ మోకాలు కాస్త నెమ్మదించింది, గోదారికి ఎర్రనీళ్ళొచ్చాయి, రేవులో పంటు (మనుషుల్ని దాటించే పెద్ద పడవ) కట్టేశారు. పులస సంగతి నువ్వడగొద్దు, నేను చెప్పను. మీ ఆవిడకి ఈ ముక్క చూపించకు.

ఇక అసలు సంగతి. నీ కవరు మీద తెరచాప పడవ బొమ్మ కింద రూపాయి బిళ్ళంత నీలం మరక పడింది చూడు, దాని గురించే ఈ ఉత్తరమంతా. “పెన్ను కక్కుతోంది, ఎబొనైటు పెన్నులింతే, ఇంక అటక మీద పడేస్తా” అని లోపల రాశావు. పడెయ్యకు! ఆ గట్టి రబ్బరు పెన్నులో ఏ లోపమూ లేదు. అది ఎందుకు కక్కిందో లెక్క కట్టి మరీ చెప్తాను, కాస్త ఓపిగ్గా విను.

నీది డ్రాపరుతో సిరా పోసే పెన్ను. లోపల విడిగా సిరా గొట్టం ఏమీ ఉండదు, ఒళ్ళంతా సిరాబుడ్డే. సుమారు 3 మిల్లీలీటర్లు పడుతుంది. మామూలు పెన్నుల్లో సిరా పీల్చుకునే చిన్న గొట్టంలో, అదే కన్వర్టరులో, పట్టేది ఒక మిల్లీలీటరు లోపు. అంత పట్టడమే దాని గొప్ప, చిక్కు కూడా అక్కడే. సిరా మూడొంతుల్లో రెండొంతులు అయిపోయిందనుకో, ఆ ఖాళీలో 2 మిల్లీలీటర్ల గాలి చేరుతుంది. గది వేడి 28 డిగ్రీలు. నువ్వు పెన్ను పిడికిట్లో పట్టుకుని పావుగంట బొమ్మ వేస్తే లోపలి గాలి 34కి పోతుంది. ఆరు డిగ్రీలకి గాలి నూటికి రెండు వంతులు ఉబ్బుతుంది. రెండు మిల్లీలీటర్లలో నూటికి రెండు అంటే 0.04 మిల్లీలీటరు. ఒక చుక్క సిరా ఎంత? మిల్లీలీటరుకి ఇరవై చుక్కలు, అంటే చుక్క 0.05. చూశావా? ఉబ్బిన గాలి బయటికి నెట్టేది దగ్గర దగ్గర ఒక చుక్క! నీ కవరు మీద పడింది ఆ చుక్కే. (ట్యూషన్ మాస్టారుంటే “పాయింటు ఎక్కడ పెట్టావురా” అని అరిచేవారు. సరిగ్గానే పెట్టాను, రెండుసార్లు చూసుకున్నాను.)

అదే పెన్ను నిండుగా ఉన్నప్పుడు పైన 0.3 మిల్లీలీటరు గాలే ఉంటుంది. అది ఉబ్బితే వచ్చేది 0.006, చుక్కలో ఎనిమిదో వంతు. పాళీ కింద సిరా అందించే నాలుక ఉంటుంది కదా, ఆ నాలుకకి దువ్వెన పళ్ళలా సన్నటి గాళ్ళు కోసి ఉంటాయి. అవి అందానికి కోసినవి కావు, ఎక్కువైన సిరాని కాసేపు పట్టి ఉంచడానికే. చుక్కలో ఎనిమిదో వంతైతే ఆ గాళ్ళు మింగేస్తాయి, మొత్తం చుక్కైతే వాటి వల్ల కాదు. అందుకే నిండు పెన్ను బుద్ధిగా రాస్తుంది, అడుగంటిన పెన్ను కక్కుతుంది. అందరూ ఉల్టా అనుకుంటారు, ఎక్కువ పోస్తే కారుతుందని సగమే పోస్తారు. సగం పోయడమంటే మరకని ఇంటికి పిలవడమే.

కాబట్టి మూడో వంతుకి దిగకముందే మళ్ళీ నింపెయ్. పెన్ను ఒంటిని బిగించే మరలకి నాలుగు మిల్లీమీటర్లు కిందే ఆపు, మరల మీద సిరా ఉంటే బిగించేటప్పుడు వేళ్ళకి అంటుతుంది. ఎప్పుడైనా అడుగంటిన పెన్నుతోనే రాయాల్సొస్తే పాళీ పైకి పెట్టి కాసేపు పిడికిట్లో పట్టుకో. అప్పుడు గాలి పాళీ వైపుంటుంది, ఉబ్బినా పోయేది గాలే, సిరా కాదు. పెన్ను చేతి వేడికి అలవాటు పడ్డాక వంచి రాయి. అంతే! జేబులోనైనా సంచిలోనైనా ఎప్పుడూ పాళీ పైకే ఉండాలి. ఏసీ గదిలోంచి ఎండలోకి తెచ్చి వెంటనే మూత తియ్యకు, అక్కడ తేడా ఆరు డిగ్రీలు కాదు, పది పైమాటే.

ఎబొనైటుని తిట్టావు కాబట్టి ఇంకో మాట. అది రబ్బరుని గంధకంతో గంటల తరబడి ఉడికించి గట్టిపరిచిన సరుకు. వేడిని లోపలికి త్వరగా పోనివ్వదు. అదే పెన్ను ఇనుముతో చేసి ఉంటే పావుగంట కాదు, ఇంకా ముందే కక్కేది. పైగా గోదారి జిల్లాల వాళ్ళం మనం, ఆ మాట అనొచ్చా? 1932లో కోసూరి వెంకటరత్నం గారు రాజమండ్రిలో పెన్నులు చెయ్యడం మొదలుపెట్టారు. 1935లో గాంధీ గారు ఆ పెన్నుతో రాసి చూసి, విదేశీ పెన్నులకి బదులు పనికొస్తుందని ఆయనకి ఉత్తరం రాశారు. ఆ ఊళ్ళో లేతు మిషను మీద ఒక్కో కడ్డీని చేత్తో చెక్కి తీసిన వస్తువుని అటక మీద పడేస్తావా?

సరే, కోపం వద్దు. కాజా ఒకటి బాకీ రాసుకో.

మరలకి సిలికాన్ గ్రీజు రాస్తున్నావా? బియ్యపు గింజంత చాలు, అగ్గిపుల్లతో చుట్టూ రాసి పైన మిగిలింది గుడ్డతో తుడిచెయ్. వాజిలిన్ వద్దు, పెట్రోలియం సరుకు రబ్బరుని మెత్తబరుస్తుంది. కొబ్బరినూనె అసలే వద్దు. మన వైపు ప్రతిదానికీ అదే మందు కదా, నాకు భయం. ఒక్క చుక్క నాలుక మీదికి పాకిందా, ఆ చోట సిరా అంటదు, పెన్ను గీత మధ్యలో ఎగిరి ఎగిరి పోతుంది. గ్రీజు రాశాక సిరా పోసే ముందు మంచినీళ్ళు పోసి, అద్దుడు కాగితం చుట్టి, గ్లాసులో రాత్రంతా పడుకోబెట్టు. పొద్దున కాగితం తడిస్తే మర దగ్గర లోపం, పొడిగా ఉంటే సిరా పొయ్.

కడగడానికి మీ బోరు నీళ్ళు వాడకు. నరసాపురంలో సముద్రం ఎంత దూరమని? ఉప్పు నాలుక గాళ్ళల్లో తెల్లగా పేరుకుంటుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి కొనుక్కో, ఏడాది వస్తుంది. వేణ్ణీళ్ళు పెన్ను ఒంటికి తగలనివ్వకు, నల్ల ఎబొనైటు గోధుమరంగుకి తిరుగుతుంది, ఎండలో పెట్టినా అంతే. వేడినీళ్ళ పని ఒకే ఒక్క చోట. పాళీనీ నాలుకనీ బయటికి తీసి వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడు. రెండింటి మధ్య సన్నటి వెలుగు గీత కనపడితే ఆ సందు వల్లే సిరా ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా వస్తుంది. అప్పుడు ఆ రెంటినీ పొగలొచ్చే నీళ్ళల్లో అరనిమిషం ముంచి, గుడ్డతో పట్టుకుని బొటనవేలితో నాలుకని పాళీకి నొక్కి, అలాగే పట్టుకుని చన్నీళ్ళల్లో పెట్టు. అతుక్కున్నట్టు కూర్చుంటుంది. ఒకసారితో కాకపోతే మళ్ళీ చెయ్యి, గట్టిగా మాత్రం నొక్కకు.

ఇప్పుడు నీ రెండో తప్పు. ఇది మాత్రం నిజంగా తప్పే. చిరునామా మొత్తం మామూలు నీలం సిరాతో రాశావు. ఆ సిరా అంటే నీళ్ళల్లో కరిగే రంగు, శ్రావణంలో దాని బతుకెంత? కవరు చేరేసరికి మా వీధి పేరు గోదారి పాయలా కిందికి పారిపోయింది. పిన్ కోడు ఒక్కటీ బాల్ పెన్నుతో రాశావు కాబట్టి బతికింది, బాల్ పెన్నులోది నూనె సిరా కాబట్టి తడికి చెక్కు చెదరదు. 1972 ఆగస్టు 15న పెట్టిన ఆరంకెలు మన స్నేహాన్ని కాపాడాయిరా! మొదటి మూడంకెలు 533 గనక సరుకు మా వైపు దిగింది, మీ 534లో తిరుగుతూ ఉండిపోలేదు.

ఇకనించి చిరునామా పెన్సిలుతోనైనా రాయి, గ్రాఫైటు నీళ్ళకి కరగదు. లేదా నీళ్ళకి చెదరని పిగ్మెంట్ లైనరు అనే సన్నమొన పెన్ను వాడు. ఇంకు పెన్నుతోనే రాయాలని మనసుంటే రాసి, బాగా ఆరాక తెల్ల కొవ్వొత్తి తీసుకుని ఆ నాలుగు లైన్ల మీద అడ్డంగా రుద్దు. మైనం పూత మీద చినుకు తామరాకు మీద నీటిబొట్టే. తపాలా బిళ్ళ మీదికి మాత్రం మైనం రానీకు, పోస్టాఫీసు ముద్ర అంటదు, అప్పుడు గొడవ. పాత బిళ్ళలు అందానికి అంటించాలంటే కవరు వెనకవైపు అంటించు. ముందు అంటిస్తే వాడేసిన బిళ్ళ మళ్ళీ వాడారనుకుంటారు. బొమ్మ ఎడమవైపు సగంలోనే ఉండాలి. కుడివైపు కింద చిరునామాకి వదులు, అడుగున ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీగా ఉంచు. లక్క ముద్ర వేస్తే అది లోపలి చిన్న కవరుకే, బయట వేస్తే ముద్ర కొట్టేచోట పెళుక్కుమంటుంది.

ఒక హెచ్చరిక, మర్చిపోకుండా. నీళ్ళకి చెదరని సిరా అని చెప్పి సీసాలో అమ్మే నల్ల డ్రాయింగు ఇంకు కొని ఆ పెన్నులో పొయ్యకు! అందులో లక్క ఉంటుంది. నాలుకలో గడ్డకడితే ఇంక ఏ నీళ్ళకీ వదలదు. అది అద్దుకుని రాసే పాళీకే పెట్టింది. బొమ్మ గీతలు దానితో గీసి, రాత్రంతా ఆరబెట్టి, పొద్దున నీళ్ళ రంగు వెయ్యి. మామూలుగా పది నిమిషాలు చాలు, కానీ ఈ ముసురులో కాగితమే తడిగా ఉంటుంది, ఆరినట్టు కనపడుతుంది గానీ లోపల ఆరదు.

కాగితం అంటే గుర్తొచ్చింది. నీ బొమ్మల డైరీలో సిరా పీచుపీచుగా పాకుతోందన్నావు, మార్చిలో అదే పుస్తకంలో అంత చక్కగా ఉందన్నావు. పుస్తకం అదే, గాలి మారింది. కాగితం గాల్లో తేమ తాగి ఉబ్బితే సిరా పాకకుండా పైన పూసిన పూత (సైజింగు) ఆపలేదు, సిరా పీచుల వెంట పరుగెడుతుంది. మూతుండే స్టీలు డబ్బాలో పెట్టు, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు. దానికి తోడు నీ అరచెయ్యి. రాస్తుంటే చెమటా నూనే పేజీ అడుగుభాగానికి అంటుతాయి, అక్కడికి వచ్చేసరికి పెన్ను ఎగిరిపోతుంది. చెయ్యి కింద ఒక కాగితం ముక్క వేసుకో, సగం బాధ పోతుంది. అక్షరం కూడా కాస్త పెద్దది చెయ్యి. అర మిల్లీమీటరు గీత పడే పాళీతో మూడు మిల్లీమీటర్ల అక్షరం రాస్తే ఘ, ఝ లోపలి కళ్ళు మూసుకుపోతాయి. తెలుగుకి కింద ఒత్తులకి చోటు కావాలి, ఇంగ్లీషు రూళ్ళు సరిపోవు. తలకట్టు దగ్గర పైకి తోస్తాం చూడు, పాళీ మొన పీచుని లాక్కొచ్చేది అక్కడే. ఆ గీత మీద బరువు తీసెయ్, పెన్ను తన బరువుతో తానే పోనీ. నీ ‘క’ చూస్తే నాకు ఇప్పటికీ లాకుల దగ్గర గోడ మీద నువ్వు రాసిన

(అది ఇక్కడ వద్దు. కలిసినప్పుడు.)

డైరీలో టిక్కెట్లూ, ఆకులూ అంటించడానికి మైదా జిగురు కాస్తున్నావు. వానాకాలం బూజు పడుతుంది, వెండిపురుగులకి అది విందు భోజనం. మానలేకపోతే బైండింగు వాళ్ళు వేసినట్టు చిటికెడు మైలతుత్తం కలుపు, అది విషం, పిల్లలకి అందనీకు, కవరు అంచు నాలికతో తడిపే అలవాటు మానెయ్. తుమ్మ జిగురు ఈ తేమకి మళ్ళీ మళ్ళీ జిగటౌతుంది, పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. తెల్ల ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు కలిపి, పల్చగా అంచులకే రాసి, పైన నిఘంటువు బరువు పెట్టి రాత్రంతా ఉంచడం మేలు. ఇక్కడే ఒక చక్కని సంగతుంది, ఆగు.

లేదు, ఆగడానికి లేదు. ఇది రెండో కాగితం వెనకవైపు. 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి 75 గ్రాములు) ఏఫోర్ కాగితం ఒకటి 4.7 గ్రాములు, రెండు 9.4. మందం కాగితంతో చేసిన ఈ కవరు ఏడున్నర. పదిహేడు దగ్గరికొచ్చింది. మూడో కాగితం పెడితే ఇరవై దాటుతుంది. ఐదు రూపాయల తపాలా బిళ్ళ చాలదు, తక్కువైనదానికి రెట్టింపు నీ దగ్గర వసూలు చేస్తారు. నువ్వు పోయినసారి దాన్ని పట్టుకుని ఏడాది సాధించావు.

ఆ చక్కని సంగతేంటంటే, మీ ఊళ్ళో లేసు అల్లేవాళ్ళ దగ్గర తుంపు ముక్క ఒకటి అడిగి తీసుకో. కవరు మీద పరిచి, స్పాంజికి రంగు అద్ది, పాత కాగితం మీద మూడు నాలుగుసార్లు కొట్టి దాదాపు ఆరిపోయాక లేసు మీద నిలువుగా తట్టు, రుద్దకు. రంగు కన్నాల్లోనే పడి లేసు మొత్తం తెల్లగా దిగుతుంది. స్పాంజిలో తడి ఎక్కువుంటే దారం కిందికి పాకి ముద్దౌతుంది, కాబట్టి ముందు లేసుని రెండు చోట్ల టేపుతో

పోస్టు డబ్బా తీసే మనిషి సైకిలు వినపడుతోంది, ఉంటా. ఈ కవరు మీద నేను సగం పంటు గీశాను, మిగతా సగం నువ్వు గీసి అదే కవరు మళ్ళీ పంపు. పెన్ను నిండా పోసి మరీ రాయి!

నీ
మావ