మాధవరం వంతెనకు ఇవతల చెల్లే పెళ్లి: మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మంత్రాలయం నుంచి రాయచూరు పోయే దారిలో తుంగభద్ర మీద మాధవరం వంతెన ఉంది. ఇవతల మనది, అవతల కర్ణాటక. రెండు ఒడ్డుల వాళ్లూ తరతరాలుగా పిల్లనిచ్చి పుచ్చుకుంటున్నారు. పదహారేళ్ల పిల్లకు అవతలి ఒడ్డున తాళి కడితే చట్టం దృష్టిలో ఆ పెళ్లి జరగనట్టే లెక్క. అదే తాళి ఇవతల కడితే చెల్లుతుంది. కట్టినవాడి మీద కేసు పెట్టొచ్చు, రెండేళ్ల దాకా జైలుకు పంపొచ్చు, లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. పెళ్లి మాత్రం పెళ్లే. ఈ తేడా పోవడానికి మన శాసనసభ ఒక చిన్న సవరణ చేయాలని అడగడానికే ఈ ఉత్తరం.

బాల్య వివాహాల నిషేధ చట్టం 2006 నాటిది. పేరులోనే నిషేధం ఉంది కాబట్టి అలాంటి పెళ్లి ఎలాగూ చెల్లదనుకుంటారు చాలామంది. సెక్షన్ 3 చదివితే సంగతి వేరు. మైనరుగా పెళ్లయిన మనిషి తానే జిల్లా కోర్టుకు వెళ్లి అడిగితేనే అది రద్దవుతుంది. మేజరైన రెండేళ్లలోపే అడగాలి, ఆ తర్వాత దారి మూసుకుపోతుంది. ఇంకా మైనరుగా ఉండగానే అడగాలంటే సంరక్షకుడో, పిల్ల తరఫున నిలబడే ఇంకెవరో, బాల్య వివాహ నిషేధ అధికారితో కలిసి పిటిషన్ వేయాలి. సంరక్షకులంటే ఎవరండీ? పెళ్లికొడుకు కాళ్లు కడిగి కన్యాదానం చేసినవాళ్లే కదా! కూలికి పోయే ఇంటి పిల్ల మెడలో తాళితో కోసిగి నుంచో హొళగుంద నుంచో కర్నూలుకు బస్సెక్కి, లాయరును పెట్టుకుని, కన్నవాళ్లకూ అత్తమామలకూ ఎదురుగా కోర్టులో నిలబడుతుందని ఈ సెక్షన్ రాసినవాళ్లు ఎలా అనుకున్నారో నాకు అర్థం కాదు.

ఎత్తుకుపోయి చేసినవి, బలవంతంగానో మోసంతోనో చేసినవి, అమ్మేసి చేసినవి సెక్షన్ 12 కింద మొదటి నుంచీ చెల్లవు. పెళ్లి ఆపమని మేజిస్ట్రేటు ఇంజంక్షన్ ఇచ్చాక చేసినవీ చెల్లవు. మా పడమటి మండలాల్లో జరిగే పెళ్లిళ్లు వీటిలో దేనికిందకూ రావు. అవి అప్పు తెచ్చి, అయినవాళ్లను పిలిచి, పిల్ల సుఖపడుతుందనే నమ్మకంతో తల్లిదండ్రులు చేసేవి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మీ దగ్గర ఉంటుంది. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిపోయింది. దేశం సగటు 23.3. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల్లో అప్పటికే తల్లులైనవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు కలిపి 12.6 శాతం, దేశంలో అది 6.8.

దీన్ని మూఢత్వమని కొట్టిపారేసేవాళ్లు మా వైపు ఒక్క సుగ్గి కాలం, అంటే కూలికి వలసపోయే కాలం, ఉండి చూడాలి. ఖరీఫ్ పంట చేతికి రాకపోతే ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరప కోతలకూ పత్తి తీతకూ కదులుతాయి. లారీల్లో బియ్యం మూటలు, గిన్నెలు, పసిపిల్లలు. ఇంటి దగ్గర ముసలివాళ్లు మిగులుతారు. తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్లను ఏం చేయాలి? వెంట తీసుకుపోతే చేను గట్టున టార్పాలిన్ పట్టాల కింద పడుకోబెట్టాలి. వదిలి పోతే భయం. టీచరుగా నేను పెళ్లి ఆపమని బతిమాలిన ఒక తల్లి నాతో అన్న మాట ఇది: "ఏం జేయమంటావు మేడం, ఎదిగిన పాపను ముసిల్దాని దగ్గర ఇడిసి సుగ్గికి ఎట్ల పోదుము? మా తమ్మునికే ఇచ్చుకుంటే కండ్ల ముందర ఉంటుంది." ఆమెకు తిరుగు జవాబు చెప్పడానికి నా దగ్గర కరపత్రం తప్ప ఏమీ లేదు. వలస కూలీల పిల్లలకు పెట్టే సీజనల్ హాస్టలు సుగ్గి బయల్దేరే నాటికే తెరిచి, అందులో ఆడ వార్డెను ఉండి ఉంటే నా మాటకు కొంచెం బరువుండేది.

చివరి నిమిషంలో ఆపడం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తారు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ వాళ్లు, ఎస్సై, రెవెన్యూ ఉద్యోగి జీపులో దిగుతారు. బడి టీసీ చూస్తారు, ఆధార్ చూస్తారు, రెంటిలో పుట్టిన తేదీలు కలవవు. పద్దెనిమిది నిండేదాకా పెళ్లి చేయమని తెల్లకాగితం మీద రాయించుకుని, తండ్రి చేత వేలిముద్ర వేయించి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. పందిరి విప్పేస్తారు. వారం తిరక్కుండా మేనమామ ఊళ్లో, గుళ్లో, తెల్లవారుజామున మూడు ముళ్లూ పడతాయి. మళ్లీ ఫోన్ చేస్తే అటు నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "అయిపోయింది కదమ్మా, ఇప్పుడేం చేస్తాం?"

మంత్రిగారూ, నా మనవి అంతా ఈ జవాబు చుట్టూనే. ముహూర్తం దాటేదాకా పరుగు, దాటాక అందరూ చల్లబడతారు. కుటుంబాలకు ఇది బాగా తెలుసు. ఎలాగోలా ఆ ఒక్క గంట గడిపేస్తే పెళ్లి నిలుస్తుంది, కేసు పెడితే పిల్ల కాపురమే చెడుతుందని పెద్దమనుషులే అడ్డం పడతారు. ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదని చట్టం చెబితే ఈ తొందరకు ప్రతిఫలం ఉండదు. పిల్లను వెనక్కి తెచ్చుకోవడానికి కోర్టు డిక్రీ కోసం ఎదురుచూడక్కర్లేదు. రాజీలో కూర్చున్న పెద్దమనిషికి చెప్పడానికి ఒక మాట దొరుకుతుంది.

పదో తరగతి హాల్ టికెట్లు పంచుతున్నప్పుడు ఒక అమ్మాయి చెప్పులు విడిచి గదిలోకి వచ్చింది. కాలి రెండో వేళ్లకు మెట్టెలు తీసిన చోట తెల్లటి గీతలు. మార్చి ఎండలో కాలరు గుండీ పైదాకా పెట్టుకుంది, నల్లపూసలు కనబడకుండా. ఏమీ అడగకుండా సంతకం పెట్టించుకుని పంపాను. ఆమెకు అప్పుడు కావలసింది మందలింపు కాదు. నీ పెళ్లి పెళ్లే కాదు, చదువుకో అని ఎవరైనా చెప్పగలగడం. చట్ట ప్రకారం అలా చెప్పడానికి ఎవరికీ వీలు లేదు.

బాల్య వివాహం మొదటి నుంచీ చెల్లదని కర్ణాటక 2016లో సవరణ తెచ్చింది, రాష్ట్రపతి ఆమోదమూ తెచ్చుకుంది. భార్య మైనరైతే భర్త కలయిక కూడా అత్యాచారమేనని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులోనే, మిగతా రాష్ట్రాలు కూడా కర్ణాటక బాట పడితే మంచిదని ఉంది. 2020లో హర్యానా ఆ బాట పట్టింది. ఆడపిల్ల పెళ్లీడును 21కి పెంచే బిల్లు 2021లో పార్లమెంటుకు వచ్చి, 2024లో ఆ లోక్‌సభతోపాటే మురిగిపోయింది. పోవడమే మంచిదైందని నా అభిప్రాయం. పద్దెనిమిదినే నిలబెట్టలేని చోట ఇరవై ఒకటి రాసి ఏం లాభం?

మన రాష్ట్రానికి, ఆడవాళ్ల మీద నేరాలకు శిక్షలు పెంచే దిశ బిల్లు అనుభవం ఉంది. 2019 డిసెంబరులో శాసనసభ ఆర్భాటంగా ఆమోదించింది, రాష్ట్రపతి ఆమోదం దొరక్క అది చట్టమే కాలేదు. కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి, కేంద్ర చట్టాన్ని మార్చే ఈ సవరణకూ ఆ ఆమోదం కావాలి. రెండు రాష్ట్రాలు ఇప్పటికే చేసిన పని కాబట్టి ఢిల్లీలో అభ్యంతరం చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఆడపిల్లకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1985లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించుకున్నది మనమే. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర అదే పని చేశాయి. పార్లమెంటు 2005లో గాని కదల్లేదు. ఈసారి మనం పక్కవాళ్లను చూసి కదిలినా నామోషీ ఏమీ లేదు.

ఈ సవరణతో వచ్చే ప్రమాదం కూడా నాకు తెలుసు. పెళ్లి చెల్లదంటే పిల్ల గతేమిటి, ఆమె కడుపున పుట్టినవాళ్ల గతేమిటి? ఇప్పటి చట్టంలో సెక్షన్ 4 భరణం, నివాసం ఇప్పిస్తుంది, సెక్షన్ 6 సంతానాన్ని సక్రమమంటుంది. కానీ అవి కోర్టు రద్దు చేసిన పెళ్లిళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మొదటి నుంచీ చెల్లని పెళ్లికి కూడా ఆ రెండూ వర్తిస్తాయని మన సవరణలో విడిగా, అనుమానానికి తావులేకుండా రాయాలి. అది రాయని బిల్లును నేను సమర్థించను. తాళి తెంచి వదిలేసి, నాకేం సంబంధం అనే అవకాశం మగవాడికి ఇవ్వకూడదు.

అరెస్టుల మీద ఆశ పెట్టుకోవద్దని కూడా మనవి. 2023 ఫిబ్రవరిలో అస్సాం ప్రభుత్వం వేలమందిని పట్టుకుపోయింది. పోలీసు స్టేషన్ల ముందు ఏడ్చింది ఆ పిల్లలూ వాళ్ల తల్లులే. పదిహేడేళ్ల గర్భిణి కేసవుతుందని ఆసుపత్రికి రాకుండా ఇంట్లోనే కంటే, అది మనం కోరే రక్షణ కాదు.

మన దగ్గర బాల్య వివాహ నిషేధ అధికారులకు కొదవ లేదు, కలెక్టరు గారితో మొదలై ఊరి దాకా ఉన్నారు. అందరికీ అది పదో పని. ఈ బాధ్యత తప్ప ఇంకో పని లేని అధికారి ఉండాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. వలసలు ఎక్కువగా ఉన్న మండలాలతోనైనా మొదలుపెట్టండి.

వచ్చే శాసనసభ సమావేశాల లోపు ముసాయిదాను తెలుగులో ప్రజల ముందు పెట్టండి. అభిప్రాయాలు తీసుకునే సభ ఒకటి ఆదోనిలో పెట్టండి, అదీ దసరా లోపే. ఆలస్యమైతే మాట్లాడవలసిన ఆడవాళ్లంతా గుంటూరు చేలల్లో ఉంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కర్నూలు జిల్లా